కొండని ఎవరు చూశారు?

మూడేళ్ళ కిందట జెరార్మే నుంచి ష్లుఖ్ట్ కనుమ దాకా సైకిలు తొక్కి వచ్చిన సాయంత్రం అమ్మకి ఫోను చేశాను. ఎంత దూరం, ఎంత ఎత్తు, ఎన్ని నిమిషాలు పట్టింది, అన్నీ చెప్పాను. ఓపిగ్గా విని, "దారంతా అడవేనన్నావుగా, ఏం చెట్లురా?" అంది. నాకు తెలీదు. "పోనీ, చెరువులున్నాయన్నావు. నీళ్ళెలా ఉన్నాయి?" అదీ సరిగ్గా చెప్పలేకపోయాను. ముందు చక్రం, హ్యాండిలు మీది చిన్న తెరలో మారే అంకెలు, నాకు పది గజాల ముందు పోతున్న ఒక నీలం చొక్కా వీపు. ఇవి మాత్రం ఇప్పుడడిగినా బొమ్మ గీసి చూపించగలను.

అమ్మ శ్రీశైలానికి నాలుగుసార్లు వెళ్ళింది. నాలుగుసార్లూ బస్సులోనే, సగం దారి కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంటూనే. అయినా దోర్నాల దాటాక వెదురు ఎక్కడ మొదలవుతుందో, ఏ మలుపులో కోతులు కూర్చుంటాయో ఆవిడ చెప్పగలదు. ఆ బస్సు ఇంజను చేసిన పని నా కాళ్ళు చేశాయని గర్వపడుతున్నవాణ్ణి, చెట్టు పేరు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ సైకిలు మీద రాసిన పుస్తకం ఏది దొరికినా అమ్మ ప్రశ్నతోనే చదువుతున్నాను: కొండని చూసి రాశారా, కొండ మీద పోయినవాళ్ళని చూసి రాశారా?

ముందు ఆ కొండల సంగతి. వోజ్ పర్వతాలు ఫ్రాన్సుకి ఈశాన్యాన, లొరేన్‌కీ అల్సాస్‌కీ మధ్య ఉంటాయి. ఆల్ప్స్‌తో పోలిస్తే పొట్టివి. అన్నిటికన్నా ఎత్తైన గ్రాన్ బలాన్ 1,424 మీటర్లు, అంతే. నెత్తిన గడ్డి మైదానాలు, నడుం చుట్టూ దట్టమైన అడవి, కాళ్ళ దగ్గర పాతకాలపు హిమానీనదాలు తవ్వి వదిలేసిన చెరువులు. జెరార్మే పెద్ద చెరువు. దానికి పైన సన్నగా పొడుగ్గా లోంజ్‌మేర్, ఇంకా పైన కొండ ఒళ్ళో చిన్న రతూర్న్‌మేర్. ఈ పేర్ల చివరున్న 'మేర్' అంటే ఇక్కడ సముద్రం కాదు, చెరువే. ఇవి దాటి అడవిలోంచి ఎక్కితే 1,139 మీటర్ల ఎత్తున ష్లుఖ్ట్ కనుమ. ఫ్రెంచివాళ్ళు 'కోల్' అనేదానికి మనకి కనుమ అన్న చక్కటి మాట ఉంది. కొండల వరసలో దారికి వీలిచ్చే పల్లపు చోటు. మనమేమో దాన్ని పండగకీ ఊళ్ళ పేర్లకీ వదిలేసి, కొండదారి కనిపిస్తే చాలు 'ఘాట్ రోడ్' అంటున్నాం.

సైకిలు పందాల గురించి సాహిత్య ప్రపంచంలో ఎవరు మాట్లాడినా రొలాఁ బార్త్ పేరెత్తకుండా ఉండరు. 1957లో వచ్చిన 'మిథాలజీస్'లో తూర్ ద ఫ్రాన్స్‌ని ఇతిహాసంగా చదివే వ్యాసం ఒకటుంది. గొప్ప వ్యాసమే, అందులో అనుమానం లేదు. పందెగాళ్ళ పేర్లు ఎలా కురచై ముద్దుపేర్లవుతాయో, ఒక్కో దశ ఎలా ఒక పాత్రలాగా రూపం తెచ్చుకుంటుందో, మనిషి ప్రకృతిగానూ ప్రకృతి మనిషిగానూ ఎలా మారిపోతాయో ఆయన చూపిస్తాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు భారతంలో యుద్ధపర్వాలు వినిపించాయి. వెంతూ పర్వతం దగ్గరికొచ్చేసరికి ఆయన స్వరం ఇంకా పెరుగుతుంది. ఆయన లెక్కలో వెంతూ ఒక దుష్టదేవత. బోడిది, ఎండిపోయింది, బలి అడుగుతుంది, బలహీనుణ్ణి క్షమించదు. ఆ తర్వాత పదేళ్ళకి, 1967లో, టామ్ సింప్సన్ ఆ కొండ మీదే పడి చనిపోయాడు. దాంతో బార్త్ రాసినది జోస్యమే అన్నంత పేరొచ్చింది.

కానీ ఆ దేవతకి బార్త్ ఇచ్చిన లక్షణాలు మళ్ళీ చూడండి: బోడి, ఎండ, రాయి. పచ్చదనం లేకపోవడమే అక్కడి దైవత్వం. తమాషా ఏమిటంటే వెంతూకి కూడా అడవుంది. బెద్వాఁ ఊరినుంచి ఎక్కేవాళ్ళని ఎవర్నైనా అడగండి, అసలు కష్టం నెత్తిమీది తెల్లరాళ్ళలో కాదు, అంతకు ముందొచ్చే అడవిలో. కిలోమీటర్ల తరబడి తొమ్మిది పది శాతం వాలు, గాలి ఆడదు, దారి ఎక్కడికి పోతోందో కనపడదు. మరి వెంతూ మీద రాసిన పేజీల్లో ఆ అడవికి దక్కేది ఒకటి రెండు వాక్యాలు. ఇతిహాసానికి రంగస్థలం కావాలి. వీరుడు దూరాన్నుంచి కనబడాలి, వెనక ఆకాశం ఉండాలి. చెట్ల మధ్య వీరుడు కనపడడు.

ఇది బార్త్ ఒక్కడి తప్పు కాదు. 1949 జీరో ద ఇటాలియా వెంట పత్రికా విలేఖరిగా వెళ్ళిన దీనో బుత్సాతీ కూడా బార్తాలి, కోపీలని చూసి హెక్టరునీ అకిలీజునీ తలుచుకున్నాడు. అసలు ఈ పందెం పుట్టిందే పత్రిక కోసం. 'లోతో' అమ్మకాలు పెంచడానికి 1903లో తూర్ మొదలైంది. దాని సంపాదకుడు ఆఁరీ దెగ్రాంజ్. రోడ్డు పక్క నిలబడ్డవాడికి పందెం అరనిమిషంలో అయిపోతుంది. మిగతాదంతా మర్నాటి పేపర్లో చదవాల్సిందే. చూడలేని దాన్ని చూసినట్టు రాయాలి కాబట్టి పెద్దపెద్ద మాటలు అవసరమయ్యాయి.

ఆ మాటల బరువు మొదట మోసిన కొండల్లో ఒకటి ఈ వోజ్‌లోనే ఉంది. 1905లో తూర్ బలాన్ దల్జాస్ ఎక్కింది. సైకిలు మీద ఎవరూ దిగకుండా ఎక్కలేరని దెగ్రాంజ్ అనుమానం. రెనె పోతియే దిగకుండా ఎక్కాడు. తూర్‌లో మొదటి కొండ ఇదేనని పత్రికలు రాశాయి, ఇప్పటికీ రాస్తుంటాయి. నిజానికి 1903లోనే పందెం సెంతెచ్యెన్ దగ్గర రెపుబ్లిక్ కనుమ దాటింది. అదీ 1,161 మీటర్లు, బలాన్ కనుమకి దాదాపు సమానం. కానీ అక్కడ కథ కుదరలేదు, ఇక్కడ కుదిరింది. ఇంతాచేసి పోతియే ఆ రోజు దశ గెలవలేదు. ఓకుతూరియే ఆయన్ని దాటి బెజాన్సోఁలో గెలిచాడు. తర్వాతి దశలో కాలి నొప్పితో పోతియే పందెం నుంచే తప్పుకున్నాడు. మరుసటేడు బలాన్ మళ్ళీ అందరికన్నా ముందెక్కి, మొత్తం తూర్ గెలిచాడు. 1907 జనవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. బలాన్ మీద ఆయనకి స్మారకం ఉంది. నేను చూశాను. చూడకుండా ఎలా ఉంటాను, రాయి కదా, చెట్టు కాదు.

యుద్ధం మాటల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 'దాడి చేశాడు', 'తప్పించుకున్నాడు', 'కొండని జయించాడు'. సైకిలు భాషంతా ఇదే. వోజ్ నుంచి వచ్చిన వారం నేను ఫేస్‌బుక్కులో పెట్టిన తెలుగు పోస్టులో కూడా 'జయించాను' అనే ఉంది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. సైకిలు తొక్కేవాళ్ళకి ప్రాణమైన 'రూత్ దె క్రేత్', అంటే శిఖరాల దారి, మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యం వేసుకున్న రోడ్డు. 1871 నుంచి ఈ కొండల నెత్తిమీదే ఫ్రాన్సుకీ జర్మనీకీ సరిహద్దు. ష్లుఖ్ట్ కనుమ సరిహద్దు చౌకీ. తూర్పునున్న జర్మన్ల కంటపడకుండా సామాన్లూ మనుషుల్నీ చేరవెయ్యాలని, రోడ్డుని శిఖరానికి కాస్త దిగువగా పడమటి వైపు చాలాచోట్ల అడవి చాటునుంచి తీశారు. దాన్ని పట్టుకుని దక్షిణానికి పోతే హార్ట్‌మాన్స్‌విలర్‌కోఫ్ వస్తుంది. ఒక్క కొండకొమ్ము కోసం వేలమంది చచ్చిన చోటు, కందకాలింకా ఉన్నాయి. అక్కడి చెట్లు ఆ యుద్ధం తర్వాత మళ్ళీ మొలిచినవి. అంటే ఆ రోడ్డు మీద నీడ సహజంగా వచ్చింది కాదు, కనపడకుండా ఉండడానికి వెతుక్కున్నది. ఆ నీడలో హాయిగా తొక్కుతూ 'జయించాను' అని రాసుకున్నవాణ్ణి నేను. బార్త్‌ని ఏమంటాను?

ఇక టిమ్ క్రాబే. 1978లో డచ్చి భాషలో వచ్చిన 'ద రైడర్', 2002లో ఇంగ్లీషులోకొచ్చింది. సైకిలు నవలల్లో దీన్ని మించింది లేదంటారు. ఒకే ఒక్క పందెం, దక్షిణ ఫ్రాన్సులోని ఎగ్వాల్ కొండ చుట్టూ నూట ముప్పైఏడు కిలోమీటర్లు. కథ చెప్పేవాడి పేరు కూడా క్రాబేనే. అధ్యాయాలకి పేర్లు లేవు, కిలోమీటర్ల లెక్క ఉంది. ఎగ్వాల్ చుట్టూ ఉన్నవి అడవులే, కనుమలే. కానీ అందులో ప్రకృతి దాదాపు లేదు. ఎవడి చెయిన్ ఏ పళ్ళ మీదుంది, ఎవడి మొహం ఎలా మాడింది, ఎవడు ఎవడి వెనక దాక్కున్నాడు, ఇంతే. తలలో అర్థం లేని ఏదో మాట గిరగిరా తిరుగుతుంటుంది. మొదటిసారి చదివినప్పుడు అమ్మ ప్రశ్నకి ఈయనా జవాబు చెప్పలేడని తీసిపారేశాను.

ఆ అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చింది. మార్పించింది సైకిలు పుస్తకం కాదు, ఏనుగుల వీరాస్వామయ్య.

కొండలు ఎక్కే శ్రమని మన పాత సాహిత్యం ఎలా రాసిందని వెతుకుతూ మొదట మనుచరిత్ర దగ్గరికి పోయాను. ప్రవరుడు హిమాలయం ఎక్కలేదు, వాలాడు. సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకుని క్షణంలో చేరాడు. చెమట లేదు, ఆయాసం లేదు. కాబట్టే సెలయేళ్ళూ నెమళ్ళూ ఏనుగులూ అన్నీ కళ్ళారా చూశాడు. తిరిగి రావడానికి చూస్తే మంచుకి లేపం కరిగిపోయింది. (దిగేటప్పుడు బ్యాటరీ అయిపోయిన కరెంటు సైకిలు వాళ్ళని చూసినప్పుడల్లా నాకు ప్రవరుడే గుర్తొస్తాడు. ఫర్వాలేదు, వాళ్ళకి దిగుడే కదా.) శ్రమ లేనివాడు కొండని చూశాడు, బావుంది.

తర్వాత కాశీయాత్ర చరిత్ర తీశాను. 1830-31లో మద్రాసు నుంచి కాశీకి పోయి వచ్చిన ఆయన మజిలీ మజిలీకీ రాసి పెట్టాడు: దారి రాతిదా ఇసకదా, అడవి ఎంత దట్టం, ఊళ్ళో సామాన్లు దొరుకుతాయా, నీళ్ళెలాంటివి. శ్రీశైలం దారీ అందులో ఉంది. మా అమ్మలాగే చూశాడన్నమాట. ఎందుకు చూడగలిగాడు? పల్లకీలో ఉన్నాడు కాబట్టి. ఆయన మంచివాడు, బోయీల కష్టం పట్టించుకున్నవాడు, రాశాడు కూడా. కానీ నల్లమల ఎక్కుతూ ఆ బోయీలు ఏం చూశారు? ముందున్నవాడి వీపు, అడుగు పడే రాయి, భుజం మార్చుకునే చోటు. అది ఎవరూ రాయలేదు, రాసే అవకాశం వాళ్ళకి లేదు.

క్రాబే రాసింది అదే. కొండ మీదికి బరువు మోసేవాడికి కొండ ఎలా ఉంటుందో, ఆ మోసేవాడే చెప్పిన పుస్తకం. ఆయన మోసింది తన ఒంటినే, అదీ సరదాకి, అది వేరే సంగతి. బోయీల కష్టంతో దాన్ని సమానం చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ చూపు మాత్రం అదే. బార్త్‌కి ఉన్నది పల్లకీలోవాడి చూపు కూడా కాదు, పల్లకీ వెళ్ళిందని పేపర్లో చదివినవాడి చూపు. అందుకే ఆయన కొండలు అంత నిండుగా, అంత అందంగా, మోకాళ్ళు లేకుండా ఉంటాయి. క్రాబే దగ్గర మోకాళ్ళున్నాయి, చెట్లు లేవు. చెట్లు లేకపోవడం ఆయన పుస్తకంలో నిజాయితీ. నా ఫేస్‌బుక్ పోస్టులో మాత్రం లోపమే, ఎందుకంటే నేను పందెంలో లేను. నన్నెవరూ తరమలేదు.

టీవీ ప్రసారం చూసినా ఇదే చీలిక. వోజ్‌లో పందెం జరిగే రోజున గమనించండి. హెలికాప్టరు కెమెరాకి అడవి మొత్తం కనిపిస్తుంది, చెరువులు అద్దాల్లా మెరుస్తాయి, కానీ రోడ్డు చెట్ల కింద మాయం. మనుషులుండరు. మోటారుసైకిలు కెమెరాకి మనుషులే కనిపిస్తారు, చెవుల నుంచి కారే చెమటతో సహా, కానీ అడవి రెండు పక్కలా ఆకుపచ్చ గీతలా జారిపోతుంది. దర్శకుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తూ పోతాడు. రెండూ కలిసిన బొమ్మ ఎప్పుడూ రాదు. 2020లో ప్లాన్ష్ దె బెల్ ఫీయ్ మీద 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. 57 సెకన్లు వెనకున్న పొగాచర్ ఒక్క గంటలోపు రోగ్లిచ్‌ని దాటిపోయి, చివరికి 59 సెకన్ల తేడాతో తూర్ గెలిచాడు. ఆ రోజుకి జనం గుర్తుపెట్టుకున్నది రోగ్లిచ్ తల మీద వంకరగా జారిన హెల్మెట్.

ఆ కొండ పేరు గురించి చెప్పకుండా ఉండలేను. బెల్ ఫీయ్ అంటే అందమైన అమ్మాయిలు. ముప్ఫైఏళ్ళ యుద్ధకాలంలో స్వీడన్ పక్షపు కిరాయి సైనికులు ఊరి మీద పడితే, ఆడపిల్లలు కొండ మీదికి పారిపోయి, దొరక్కుండా అక్కడి మడుగులో దూకారని కథ. ప్రసారంలో ప్రతిసారీ ఈ కథ వినిపిస్తారు. భాషావేత్తలు చెప్పేది వేరు. అక్కడి పాత మాటలో 'ఫాయీ' అంటే బీచ్ చెట్ల తోపు. అందమైన తోపుల కొండ. తోపు అన్న మాట అర్థం జనం మర్చిపోయాక, దాని ధ్వనికి దగ్గరగా ఉన్న 'ఫీయ్' వచ్చి కూర్చుంది. అమ్మాయిలొచ్చారు కాబట్టి వాళ్ళని తరమడానికి సైనికులు కావాల్సొచ్చారు, సైనికులొచ్చాక చావు, మడుగు ఎలాగూ పక్కనే ఉంది. మన ఊళ్ళ స్థలపురాణాలు తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు. నాకు నచ్చనిది కథ పుట్టడం కాదు. చెట్ల పేరు పోయిన చోట మొలిచిన యుద్ధకథే, సైకిలు రాతలకి సరిగ్గా కావలసిన కథ కావడం.

పోల్ ఫుర్నెల్ పుస్తకం ఒకటి చెప్పి ఆపుతాను. 'నీడ్ ఫర్ ద బైక్' అని ఇంగ్లీషులో దొరుకుతుంది, ఫ్రెంచి మూలం 2001. ఊలిపో బృందం రచయిత, కానీ ఇందులో గారడీలు లేవు. అన్నీ చిన్న చిన్న ముక్కలు. దెబ్బలు, రంగులు, గాలి, ఆకలి, తండ్రితో తొక్కిన దారులు. గెలుపు గురించి తక్కువ, తొక్కడం గురించి ఎక్కువ. ఆయనకి పందెంగాడి ఒళ్ళూ ఉంది, పల్లకీలోవాడి తీరికా ఉంది. ఇది బార్త్ అంత పదునైన పుస్తకం కాదు, క్రాబే అంత పట్టుగా చదివించదు. కొన్ని ముక్కలు మరీ ముచ్చటగా ఉండి విసుగేస్తాయి కూడా. కానీ ఒళ్ళు అలిసినప్పుడు చూపు మూసుకుపోతుందన్న నా నమ్మకాన్ని చెదరగొట్టింది ఇదే. తొక్కేవాడికి ప్రకృతి కంటితోకన్నా ముందు చర్మంతో తెలుస్తుంది.

ఈ వేసవిలో మళ్ళీ వెళ్ళాను. తెర ఇంట్లో వదిలేశాను. లోంజ్‌మేర్ పక్కన రోడ్డు దాదాపు సమతలం, నీటి మీదనుంచి చల్లగాలి ఎడమ చెంపకి తగులుతుంది. రతూర్న్‌మేర్ దాటగానే సన్నరోడ్డు అడవిలోకి తిరుగుతుంది, రెండు మలుపుల్లో ఒంటికి తెలిసేంతగా వేడి తగ్గుతుంది. ఎదర ఎంత ఎక్కుడుందో కనపడదు, ఒకసారికి ఒక్క మలుపే. బోడికొండ మీద మిగిలిన దూరం కళ్ళముందు వేలాడుతూ భయపెడుతుంది. అడవిలో ఆ భయం లేదు, దానికి బదులు ఇక అయిపోయిందేమో అన్న ఆశ ప్రతి మలుపుకీ పుట్టి పోతుంది. నరికిన దుంగల దొంతర్ల దగ్గర జిగురు వాసన ముందొస్తుంది, దుంగలు తర్వాత కనిపిస్తాయి. దుంగల లారీ దిగుతోందంటే బ్రేకుల చప్పుడు రెండు మలుపుల ముందే తెలుస్తుంది. చివర్లో చెట్లు ఒక్కసారిగా ఆగిపోయి గడ్డి మొదలవుతుంది. కనుమలో ఆగి బ్లూబెర్రీ టార్టు తిన్నాను. తిరుగుదారిలో రోష్ ద్యు ద్యాబ్ల్ దగ్గర దిగి చూస్తే రెండు చెరువులూ ఒకదాని వెనకొకటి కనిపించాయి. పైది నల్లగా, కిందది ముదురాకుపచ్చగా. వెళ్ళేటప్పుడు నేను పక్కనుంచి పోయిన నీళ్ళే అవి, పక్కనున్నప్పుడు ఈ రంగు లేదు. అక్కడనుంచి రోడ్డు కనపడలేదు.

సాయంత్రం ఫోను చేశాను. ఎన్ని నిమిషాలు పట్టిందో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. చెట్లన్నాను కదా అని నేనే ఎత్తుకుని, పైన ఫర్ చెట్లు, వాటి మధ్య బీచ్ చెట్లు అన్నాను.

"బీచా?" అంది అమ్మ. "అక్కడ సముద్రం ఎక్కడుందిరా?"